గుండీల డబ్బాలో నల్లముక్క

చొక్కాలు మడతపెట్టి సంచీలో పెట్టడం, పెట్టినవి తీసి దులిపి మళ్లీ మడతపెట్టడం. పొద్దున్నుంచీ అక్కయ్య చేస్తున్న పని ఇదే. ఎంత సర్దినా ఆ సంచీ నిండటం లేదు. ఆవిడ నిండనిస్తే కదా.

సంచీ తమ్ముడిది. వెళ్లేదీ తమ్ముడే. గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని ఆ తతంగమంతా చూస్తున్నాడు.

"అక్కా, ఉన్నవి రెండు చొక్కాలు," అన్నాడు.

"రెండైతే మాత్రం? ముడతలు పడ్డవి వేసుకుని తిరుగుతావా? వెనకా ముందూ ఎవరూ లేనివాడు అనుకోరూ?"

"రేవులో ఓడలవాళ్లు నా చొక్కా చూడరక్కా. వాళ్ల రేడియో పలికిందా లేదా, అంతే చూస్తారు."

రేవు అన్న మాట చెవిన పడగానే అక్కయ్య చెయ్యి ఆగిపోయింది. రేవు ఊరు కొండకి అవతల ఉంది. కొండ అవతల ఉన్న ఏ ఊరైనా ఆవిడ లెక్కలో ఒకటే దూరం. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా ఇలాగే ఒక సంచీ సర్దుకుని, నాలుగు రోజుల్లో వచ్చేస్తానని చెప్పి, కొండ అవతల ఎవరినో చూడటానికి వెళ్లింది. ఆ సంచీకి ఆకుపచ్చ అంచు ఉండేది. అక్కయ్యకి అమ్మ మొహం కంటే ఆ అంచే బాగా గుర్తు.

అప్పట్నుంచీ ఆవిడకి ఒక నమ్మకం. మనిషిని తీసుకుపోయేది బండీ కాదు, బస్సూ కాదు, సంచీ. సంచీ మూతపడిందా, మనిషి పోయినట్టే. సంచీ లేకుండా గడప దాటినవాడు ఎంత కోపంతో దాటినా అన్నం వేళకి తిరిగొస్తాడు.

కాబట్టి ఆవిడ మూడో చొక్కా ఉందేమోనని బీరువా వెతకసాగింది. లేదని ఆవిడకి తెలుసు.

ముందుగదిలోంచి దగ్గు వినిపించింది. జలుబు దగ్గు కాదు. మాట్లాడబోతున్నానని తెలిపే దగ్గు. ముందుగది గడియారాల కొట్టు. అందులో బల్ల ముందు, నుదుటి మీదికి నెట్టుకున్న భూతద్దంతో కూర్చున్నది ఆవిడ భర్త. వీధివాళ్లకి ఆయన గడియారాలాయన. మేడ మీది గదిలో రేడియోలు బాగుచేసే బావమరిది రేడియో తమ్ముడు. అతను పొద్దస్తమానం 'అక్కా' అని కేకేస్తూ ఉండటంతో ఈవిడ ఊరందరికీ అక్కయ్య అయిపోయింది. గడియారం తెచ్చిన ముసలివాళ్లు కూడా "అక్కయ్యా, ఆయన ఉన్నారా?" అనే అడుగుతారు.

"మీ తమ్ముడితో చెప్పు," అన్నాడు గడియారాలాయన, "గొడుగు మర్చిపోవద్దని. ఆ ఎర్రకారు దారి మధ్యలో ఆగిపోతుంది. నడవాల్సి వస్తుంది."

తమ్ముడు గుమ్మంలోంచి కదలకుండానే గొంతు కాస్త పెంచాడు. "బావతో చెప్పక్కా, గొడుగు ఆయన దగ్గరే ఉంచుకోమని. ఆగిపోయేది పాయింట్ల బండి. దాన్లో ఇప్పుడు పాయింట్లు లేవు."

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక పలచటి తలుపు. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినపడుతుంది. అయినా అక్కయ్య అటువైపు తిరిగి ఒకసారీ, ఇటువైపు తిరిగి ఒకసారీ మళ్లీ చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరికీ కోపం వస్తుంది. వాళ్లు మాట్లాడుకోవడం మానేశారే గానీ పోట్లాడుకోవడం మానలేదు మరి.

అలా మోసుకెళ్లేటప్పుడు ఆవిడ మాటల్ని కొంచెం కడిగి అందించేది. "ఆ దొంగవెధవతో చెప్పు" అని ఆయన మొదలుపెడితే, "బావ నీ మీద బెంగ పెట్టుకున్నాడురా" అని చేరవేసేది. "ఆ ముసలి లోలకంతో చెప్పు" అని తమ్ముడంటే, "మీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నాడండీ" అనేది. అసలు మాట విననే విన్నారు కాబట్టి, కడిగిన మాట విని ఇద్దరూ మరింత మండిపడేవారు.

గొడవంతా ఎర్రదాని గురించే. రెండు సీట్లు, గుడ్డ టాపు, కుందేలులా ముందుకి సాగిన ముక్కు ఉన్న పాత స్పోర్ట్స్ కారు. కుర్రతనంలో బావా బావమరుదులిద్దరూ కలిసి తుక్కు సామాన్ల దొడ్డిలోంచి దాన్ని తాళ్లు కట్టి ఈడ్చుకొచ్చారు. ఒక్కో ముక్కా తోమి, అతికి, మళ్లీ మనిషిని చేశారు. ఉన్నవి రెండే సీట్లు. పెళ్లైన కొత్తలో రెండో సీటు అక్కయ్యది. తరవాత్తరవాత అది తమ్ముడిదైపోయింది. ఆ ఇద్దరూ ఒకే బండిలో వెళ్లి ఒకే బండిలో వస్తున్నంతకాలం ఆవిడకి ఇంట్లో కూర్చోవడమే సుఖం.

ఆ బండి ఇంజను పక్కన గుండ్రటి నల్లమూత ఒకటి ఉంటుంది. దాన్ని డిస్ట్రిబ్యూటరు అంటారు. మూత కింద చిన్న లోహపు పెదవులు రెండు, కలుస్తూ విడిపోతూ ఉంటాయి. అవే పాయింట్లు. అవి కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడే నిప్పురవ్వ పుట్టి బండి నడుస్తుందని కొత్తలో ఆయన చెబితే, అక్కయ్యకి ఆ యంత్రం మీద ఏమంత మంచి అభిప్రాయం కలగలేదు.

గడియారాలాయనకి మాత్రం ఆ పాయింట్లు కంటిపాపలు. వారం వారం వాటిని గీకేవాడు. పలచటి ఇనపరేకు వాటి మధ్య దూర్చి సందు సరిచూసేవాడు. వానాకాలం మూతలోకి చెమ్మ చేరి బండి మొరాయిస్తే, ఆ మూత ఊడదీసి తిన్నగా వంటింట్లోకి వచ్చేవాడు. పాలగిన్నె పక్కన నల్లటి మూత, దాని నెత్తిన అయిదు కొమ్ములు, వెచ్చగా ఆరుతూ ఉండేది. ఒకసారి దాన్ని తీయబోయి అక్కయ్య పాలు పొంగించింది. తప్పు పాలదేనని ఆయన తీర్పు చెప్పాడు.

పోయిన వారం ఆయన పాతనేస్తాన్ని పలకరించడానికి పొరుగూరు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పాయింట్లు డబ్బాలో ఉన్నాయి. వాటి చోట సబ్బుపెట్టెంత నల్లపెట్టె, దానికో ఎర్రతీగ, ఓ నల్లతీగ. పక్కన రవ్వకి బలమిచ్చే కొత్త కాయిల్. రేడియో తమ్ముడు చేతులు తుడుచుకుంటూ, మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. ఇక అరిగేది లేదు, గీకేది లేదు, వంటింట్లో మూత కాచేది లేదు అన్నాడు.

లోపల ఏముందో చూపించమన్నాడు బావ. చూపించడానికి లేదు, జిగురు పోసి మూసేశారన్నాడు తమ్ముడు.

"తెరవలేనిదాన్ని బాగుచెయ్యలేం," అన్నాడు గడియారాలాయన. "బాగుచెయ్యలేనిదాన్ని నా ఇంట్లో ఉంచను."

ఆయన అన్నది పెట్టె గురించి. తమ్ముడు విన్నది తన గురించి. ఇంత వయసొచ్చినా పెళ్లీ పెటాకులూ లేకుండా అక్క ఇంటి మేడ మీద ఉంటున్న మనిషి మరి, అలాంటి మాట ఎటు విసిరినా తనకే తగులుతుంది. మర్నాడే రేవులో ఉన్న స్నేహితుడికి వస్తున్నానని కబురు పెట్టాడు.

దాంతో పందెం పుట్టింది. షరతులన్నీ అక్కయ్య నోటిగుండానే కుదిరాయి. మంగళవారం పొద్దున్న తాళం ఒక్కసారి తిప్పాలి. ఒక్క తిప్పుకే బండి అందుకుంటే ఎర్రది తమ్ముడిది, అందులోనే రేవుకి వెళ్లిపోవచ్చు. అందుకోకపోతే పెట్టె తీసేసి పాయింట్లు పెట్టాలి, సంచీ విప్పాలి, రేవు మాట మళ్లీ ఎత్తకూడదు.

ఈరోజు మంగళవారం.

"ఇక చాలు, మూతెయ్యి అక్కా," అన్నాడు తమ్ముడు.

అక్కయ్య జిప్పు సగం దాకా లాగి వదిలేసింది. ఇరుక్కుందని చెప్పింది. అతను వంగి ఒక్క గుంజు గుంజితే సర్రున మూసుకుంది. సంచీ తీసుకెళ్లి వీధిగుమ్మం పక్కన పెట్టాడు.

ఆవిడ పైకి నిట్టూర్చింది గానీ లోపల అంత భయం లేదు. ఎందుకంటే సగం పని పొద్దున్నే చక్కబెట్టేసింది.

తెల్లవారి, మగవాళ్లిద్దరూ చెరో మూలా మొహాలు కడుక్కుంటుండగా, షెడ్డు ఊడ్చే నెపంతో చీపురు పట్టుకుని వెళ్లింది. ఎర్రదాని మూతి పైకెత్తింది. నల్లమూతకి అటూ ఇటూ ఉన్న రెండు కొక్కేలు వేలితో తప్పించింది. మూత లేపితే లోపల, బొటనవేలంత నల్లముక్క, నెత్తిన ఇత్తడి రేకుతో కూర్చుని ఉంది. రోటరు. గడియారం ముల్లులా గిర్రున తిరుగుతూ నాలుగు ప్లగ్గులకీ వంతులవారీగా రవ్వ అందించేది అదే. దాన్ని ఊడబెరికి, మూత మళ్లీ బిగించి, చీపురుతో కాసేపు చప్పుడు చేసి వచ్చేసింది.

ఈ విద్య నేర్పింది ఆయనే. కొత్తలో బజారుకి వెళ్లినప్పుడు బండి ఎవరూ ఎత్తుకుపోకుండా ఆ ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టేవాడు. "నాలుగు ప్లగ్గులూ విందుకి కూర్చున్నాయనుకో. వడ్డించేవాడు వీడు. వీడు నీ సంచీలో ఉంటే పంక్తి పస్తే," అనేవాడు. ఆవిడ దాన్ని రుమాల్లో చుట్టి, బజారంతా గుప్పిట్లో పట్టుకుని తిరిగేది. తన చేతిలో ఉన్నది మొగుడి గుండెకాయే అన్నంత భద్రంగా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా పరవాలేదంటారు. వడ్డించేవాడు మన గుప్పిట్లోనే ఉంటే ఇక చెప్పేదేముంది?

ఇప్పుడా ముక్క కుట్టుసామాను పక్కన, గుండీల డబ్బాలో ఉంది. కోటు గుండీల కింద.

షెడ్డు ముందు ఎదురింటి నర్సమ్మ అప్పటికే స్టూలు వేసుక్కూర్చుంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మనిషి, నిద్ర మానుకుని మరీ తీర్పరిగా ఒప్పుకుంది. మనిషి పోయాడో ఉన్నాడో ఖాయంగా చెప్పగలదాన్ని, బండి సంగతి చెప్పలేనా అంది.

గడియారాలాయన వచ్చాడు. ఇంటి చెప్పులు, నుదుటి మీద భూతద్దం, జేబులో సందు కొలిచే ఇనపరేకు. షెడ్డు గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. గడియారం చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు ఆయన మొహం అలాగే ఉంటుంది.

తమ్ముడు సీట్లో కూర్చున్నాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు, పాడబోతున్నట్టు. తాళం తిప్పాడు.

ఇంజను గిరగిరా తిరిగింది. తిరిగింది, తిరిగింది. అంతే. చిన్న తుమ్మైనా తుమ్మలేదు. తమ్ముడు తాళం వదిలేశాడు.

తమ్ముడి మొహం చూడలేక అక్కయ్య నేల చూసింది. అతను స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, ఎదురుగా గోడకేసి చూస్తున్నాడు. రేడియోకి ప్రాణం పొయ్యలేకపోయిన రోజున కూడా అంత చిన్నబోయి ఉండడు.

"పోయినట్టే," అంది నర్సమ్మ, నాడి వదిలేసినట్టు చెయ్యి దులుపుకుంటూ.

"సరేలెండి," అంది అక్కయ్య. గొంతులో సంతోషం వినబడకుండా ఉండేందుకు కొంచెం దగ్గింది. "అయిందేదో అయింది. నేను పోయి ఆ సంచీ విప్పేస్తాను."

"ఆగు," అన్నాడు గడియారాలాయన.

ఇంకా కళ్లు తెరవలేదు. "మీ తమ్ముడి పెట్టె పనికిమాలిందే. అయినా అది ఇలా ఓడదు. బలం లేని రవ్వయితే బండి కనీసం గొణుగుతుంది, దగ్గుతుంది. ఇది నోరే తెరవలేదు. రవ్వ ప్లగ్గుల దాకా వెళ్లనేలేదు."

కళ్లు తెరిచాడు. ముందు బండిని చూడలేదు, భార్యని చూశాడు. ఆవిడ కుడిచేతి చూపుడువేలు చివర నల్లటి మరక ఉంది. ఆవిడ ఆ వేలు గుప్పిట్లోకి ముడుచుకుంది. ఆలస్యమైపోయింది. సెకను ముల్లు వెంట్రుకవాసి వంగినా పట్టుకునే కళ్లవి.

ఆయన మెల్లిగా ముందుగదిలోకి వెళ్లాడు. సొరుగు లాగిన చప్పుడైంది. ఆ సొరుగులో ఆయన ప్రతి ముక్కకీ అదనంగా ఇంకోటి ఉంచుకుంటాడు. ఈ సంగతి ఆవిడెలా మర్చిపోయింది?

వచ్చేటప్పుడు ఆయన చేతిలో నల్లముక్క. బండి మూతి పైకెత్తి, నల్లమూత లేపి, ముక్క దాని స్థానంలో కూర్చోబెట్టి, కొక్కేలు బిగించాడు.

తమ్ముడు దిగి వచ్చి చూశాడు. "రోటరు లేదా?" అన్నాడు. మొహంలో రంగు తిరిగొచ్చింది, దాని వెంటే కోపమూ వచ్చింది. "బావే తీశాడా అక్కా? అడుగు. పందెం గెలవడానికి ఇంత పని చేశాడా, అడుగు."

అక్కయ్య మరకపడ్డ వేలు కొంగులో దాచుకుంది.

"నేనే తీశాను," అన్నాడు గడియారాలాయన భార్యకేసి చూడకుండా. "తుడుద్దామని తీసి, పెట్టడం మర్చిపోయాను. మీ తమ్ముడితో చెప్పు, మొదటి తిప్పు లెక్కలోకి రాదని. వడ్డించేవాడు లేకుండా పంక్తిని లేపేశాం. మళ్లీ తిప్పమను."

ఆవిడ ఆయన పక్కకి జరిగి, పెదవులు కదలకుండా అంది. "మీకేమన్నా పిచ్చా? వాడు వెళ్లిపోతాడు."

"వెళ్తే వెళ్లనీ."

"మీకు వాడు ఉండటం ఇష్టం లేదా?"

"ఉండాలనే ఉంది." ఆయన కూడా అంతే మెల్లిగా అన్నాడు. "కానీ వాడు చేసిన పని తప్పని తేలి ఉండిపోవాలి. మనం తప్పు చేసి వాణ్ని ఉంచుకుంటే ఎట్లా? రేపట్నుంచి వాడి మొహం నేనెట్లా చూడను?"

"ఇప్పుడు మాత్రం చూస్తున్నారా ఏంటి?"

ఆయన భూతద్దాన్ని నుదుటి మీద ఇంకాస్త పైకి నెట్టుకున్నాడు.

తమ్ముడు తాళం తిప్పాడు. పూర్తిగా తిప్పాడో లేదో, ఎర్రది అందుకుంది. ముక్కడం లేదు, మూలగడం లేదు, ఇదివరకటి ఊగిసలాట లేదు. ఒకే దారం లాగినట్టు సాఫీగా మోగుతోంది. షెడ్డు అరల మీది రేకుడబ్బాలు ఎప్పట్లా గలగలమనలేదు. నర్సమ్మ స్టూలు మీంచి లేచి, మనిషి బతికాడంది.

గడియారాలాయన బండి ఇంజను మీదికి వంగాడు. చెవి ఇటు పెట్టాడు, అటు పెట్టాడు. జేబులోని ఇనపరేకు తీశాడు. దూర్చడానికి సందేదీ కనపడక, దాన్ని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆ రేకు చేతిలో ఉండి పని లేకపోవడం అదే మొదలు. అక్కయ్యకి ఆ క్షణంలో తమ్ముడి మీద కోపం వచ్చింది.

"మీ తమ్ముడితో చెప్పు," అన్నాడు చివరికి. "నీడపట్టున నిలబెట్టి మోగిస్తే ఏ డొక్కు బండైనా పాడుతుంది. కొండెక్కేటప్పుడు తెలుస్తుంది సంగతి. రవ్వ ముందే పడుతోంది. ఎత్తు మీద గులకరాళ్లు పోసినట్టు టకటకమంటుంది. సగంలో ఆగుతుంది."

"బావతో చెప్పు," అన్నాడు తమ్ముడు, "ఆగదని."

"ఆగుతుందని చెప్పు."

"ఎక్కి చూసుకోమని చెప్పు."

అక్కయ్య ఇటూ అటూ తల తిప్పుతూ ఎవరి మాట ఎవరికి చెబుతోందో మర్చిపోయి, "ఆగుతుందట, ఎక్కుతుందట," అంది.

గడియారాలాయన ఇంజను మూతి దించాడు. డ్రైవరు వైపు తలుపు దగ్గరకి వెళ్లి నిలబడ్డాడు. తమ్ముడు కదల్లేదు. పోయిన వారం నుంచీ ఇద్దరి కళ్లూ కలవడం అదే మొదటిసారి.

"జరుగు," అన్నాడు ఆయన.

ఒక్క మాట. కానీ అక్కయ్య నోటి మీదుగా కాకుండా తిన్నగా వెళ్లిన మాట. తమ్ముడు గేరు కర్ర మీంచి కాళ్లు ఈడ్చుకుంటూ పక్కసీట్లోకి జరిగాడు. "బావా, క్లచ్చు మెల్లిగా వదులు," అన్నాడు జరుగుతూనే.

"నువ్వు నిక్కర్లు వేసుకునేటప్పట్నుంచీ వదుల్తున్నాను క్లచ్చు."

"వదిలిన ప్రతిసారీ నా తల అద్దానికి కొట్టుకునేది."

"ఖాళీ తలకి దెబ్బేముంటుంది."

అక్కయ్యకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బావమరిది బతక కోరతాడని ఊరికే అన్నారా. తిట్టుకుంటున్నారంటే బాగుపడ్డట్టే. ఆ రెండు సీట్లూ మళ్లీ నిండాయి. ఆవిడకి అదే చాలు.

"బూట్లు వేసుకోండి," అంది భర్తతో. "ఇంటి చెప్పులతో కొండేమిటి?"

"ఎక్కి దిగడమే కదా. బూట్ల తాళ్లు కట్టేలోపు వచ్చేస్తాం."

"ఆ భూతద్దమైనా తియ్యండి."

ఆయన వినిపించుకోలేదు. నుదుటి మీద మూడో కన్నులా దాన్ని అలాగే ఉంచుకుని గేరు వేశాడు. ఎర్రది షెడ్డులోంచి జారినట్టు బయటికొచ్చింది. తమ్ముడి తల అద్దానికి కొట్టుకుంది. ఇద్దరూ ఏదో అరుచుకుంటున్నారు. వీధి మలుపు దగ్గర ఆయన కుడిచెయ్యి బయటికి చాచి ఊపాడు. ఆవిడకి వీడ్కోలో, ఎదురొచ్చే సైకిలుకి సైగో తెలియలేదు.

అప్పుడు చూసింది అక్కయ్య. గుమ్మం పక్కన సంచీ అలాగే ఉంది.

నర్సమ్మా చూసింది. "అయ్యో, సంచీ మర్చి..." అని కేకెయ్యబోతుంటే అక్కయ్య ఆవిడ ముంజేయి గట్టిగా పట్టుకుంది.

"నొప్పే తల్లీ," అంది నర్సమ్మ.

"ఊరుకో. పోనీ."

బండి చప్పుడు వినపడనంత దూరం వెళ్లాకే ఆ చెయ్యి వదిలింది. సంచీని లోపలికి తెచ్చి, జిప్పు లాగి, చొక్కాలు రెండూ తీసి కొక్కేనికి తగిలించింది. మనసు దూదిపింజలా ఉంది. సంచీ ఇక్కడుంది. మనిషి ఎక్కడికి పోతాడు?

మూడు కంచాలు పెట్టింది. మధ్యాహ్నం దాటింది. కంచాల మీద మూతలు వేసింది. ఎత్తు మీద ఆగిపోయి ఉంటుంది, ఇద్దరూ బండి మూతి ఎత్తి వాదించుకుంటూ ఉంటారు అనుకుంది. ఆ వాదన ఎలా సాగుతుందో ఊహించుకుని ఒక్కతీ నవ్వుకుంది.

దీపాలు వేసే వేళకి కొట్లో ఫోను మోగింది.

తమ్ముడు. వెనక గాలి హోరు. "అక్కా, మేము రేవులో ఉన్నాం," అన్నాడు. వాళ్లు కొండ ఎక్కారు. ఆగలేదు, టకటకమనలేదు. పైనుంచి వెనక్కి తిప్పుదామంటే, దిగుడు కూడా చూడాలన్నాడట బావ. దిగాక, సాపు రోడ్డు మీద ఎలా పోతుందో చూడాలన్నాడట. పొద్దున్నుంచీ స్టీరింగు వదల్లేదట. "నాకివ్వడం లేదక్కా. నా బండి అది, పందెం నేను గెలిచాను. దిగమంటే దిగడు. ఇక్కడ సముద్రం వెంట ఇంకో కొండ ఉందని ఎవరో చెప్పారు. రేపు అదీ ఎక్కి చూస్తాడట."

"ఆయనకివ్వు," అంది అక్కయ్య.

ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు కాబోలు, దగ్గరగా వినిపించింది. "ఇదిగో, వాడి పెట్టె పనిచేస్తోంది. వాడికి చెప్పకు."

"చెప్పనులెండి. ఏమైనా తిన్నారా?"

"తిన్నాం. ఆ నల్లముక్క ఎక్కడ దాచావ్?"

"గుండీల డబ్బాలో."

"నేననుకుంటూనే ఉన్నాను." నవ్వాడు. "అక్కడే ఉంచు. పారెయ్యకు. అది పాతది, మంచి ముక్క."

"కాళ్లకి చెప్పులే ఉన్నాయి. అక్కడ చలిగా లేదూ?"

"లేదు. గోడ గడియారాలకి కీ ఇవ్వు. ఇవాళ మంగళవారం కదా, నేను ఇవ్వలేదు. పెద్దదానికి మెల్లిగా తిప్పు, బిగిస్తే స్ప్రింగు పోతుంది."

"మీరొచ్చి ఇచ్చుకోండి."

"రేపటికి ఆగిపోతాయి. నువ్వే ఇవ్వు," అన్నాడు. పక్కనుంచి తమ్ముడు ఏదో అనడం, "నీ మొహం" అని ఆయన అనడం, ఇద్దరూ నవ్వడం వినిపించింది. తరవాత ఫోను పెట్టేసిన చప్పుడు.

అక్కయ్య ఆయన స్టూలు ఎక్కి గోడ గడియారాలకి ఒక్కోదానికే కీ ఇచ్చింది. పెద్దదానికి మెల్లిగా తిప్పింది. ఒకడు వెళ్లిపోతాడని భయపడితే ఇద్దరూ కలిసి షికారు తిరుగుతున్నారు, వచ్చాక చెప్తాను ఇద్దరి పనీ అనుకుంది. వంటింట్లోకి వెళ్తూ కొక్కేనికి ఉన్న తమ్ముడి చొక్కాలు చేత్తో ఒకసారి తడిమింది. ఆయన బూట్లు గుమ్మం దగ్గర, ఎప్పటి చోటే ఉన్నాయి. వాటికేసి ఆవిడ చూడలేదు.

వాళ్లిద్దరూ బయల్దేరింది మంగళవారం పొద్దున్న. తమ్ముడు శుక్రవారం మధ్యాహ్నం ఎర్రదాన్ని నడుపుకుంటూ ఒక్కడే వచ్చాడు. పక్కసీట్లో ఇంటి చెప్పులున్నాయి. అవి విడిచి సముద్రంలో దిగిన బావని అల తీసుకుపోయిందని చెప్పాడు. గడియారాలాయన ఆ శుక్రవారం రాలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ రాలేదు.